వీపుకి వీపు

పిల్లల మనసు నాకు తెలుసని ఒక జడ్జిగారు నమ్మారు. అది ఆయన మంచితనం. నేనూ నమ్మాను చూడండి, తప్పంతా అక్కడుంది.

ఎనభైల్లో మాట. గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో సైకాలజీ చెప్పేదాన్ని. ముప్పై ఆరేళ్ళు, పెళ్ళి లేదు, బ్రాడీపేటలో మేడ మీద ఒక గది. కాలేజీలో నా డిపార్టుమెంటుకి హెడ్డునీ నేనే, లెక్చరర్నీ నేనే, సాయంత్రం ల్యాబుకి తాళం వేసేదాన్నీ నేనే. మొగుడూ పెళ్ళాల తగాదాలకి విడిగా కోర్టులు పెట్టే చట్టం వచ్చిందని పేపర్లో చదివాం గాని, ఆ కోర్టు మా జిల్లా దాకా రాలేదు. పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న కేసులు కూడా జిల్లా కోర్టులోనే, పొలం గట్ల కేసుల మధ్యలో ఎక్కడో వచ్చి పోతుండేవి.

ఒక జనవరిలో మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి జడ్జిగారి ఉత్తరం చేతిలో పెట్టారు. ఎనిమిదేళ్ళ ఆడపిల్ల. తల్లి దగ్గరుంది, తండ్రి కావాలంటున్నాడు. మీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం తెలిసినవారు పిల్లతోనూ తల్లిదండ్రులతోనూ మాట్లాడి, పిల్ల మేలు ఎక్కడుందో రాసి సీలు వేసిన కవరులో పంపగలరా అని అడిగారు. జడ్జిగారిది శ్రీకాకుళం వైపు. కొత్త విషయాలు చదివే మనిషి. అప్పటికి మన కోర్టుల్లో ఇలా అడిగినవారు నాకు తెలిసి ఎవరూ లేరు. నేను ఉబ్బిపోయాను. ఉత్తరం గదికి తీసుకెళ్ళి మూడుసార్లు చదివాను. చదివి వినిపించడానికి ఎవరూ లేరు కాబట్టి నాలుగోసారి పైకే చదువుకున్నాను.

ఈ పని ఎలా చేయాలో చెప్పే పుస్తకం నా దగ్గర ఒకటుంది, ఇంగ్లీషుది. దాని ప్రకారం పిల్లని విడిగా మూడుసార్లు చూడాలి. తల్లితో ఒకసారి, తండ్రితో ఒకసారి మాట్లాడాలి. తరవాత పిల్ల తల్లితో ఉన్నప్పుడు, తండ్రితో ఉన్నప్పుడు వాళ్ళ ఇళ్ళల్లోనే ఒక మూల కూర్చుని చూడాలి. అమ్మ కావాలా నాన్న కావాలా అని అడగకూడదు. చిన్నపిల్లల్ని ఎందుకు అని కూడా అడగకూడదట, అడిగితే మనల్ని మెప్పించడానికి ఏదో కల్పించి చెబుతారట. ఎవరు ముట్టుకుంటున్నారు, ఎవరు ఎత్తుకుంటున్నారు, ఏడిస్తే పిల్ల ఎవరి ఒళ్ళోకి పరిగెడుతుంది, ఇవన్నీ రాసుకోవాలి. స్పర్శ గురించి ఆ పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం ఉంది. ఆ అధ్యాయం నాకు కంఠతా వచ్చు.

ఎందుకు వచ్చో చెప్పాలి. మాది చీరాల పక్క పల్లె. నాన్న మిషన్ బడిలో పంతులు. నా ఐదో ఏట అమ్మ పోతే ఆరో ఏట నన్ను బోర్డింగులో వేశారు. అరవైమంది ఆడపిల్లలం. పొద్దున్నే తలలు దువ్వుకోవడానికి ఒకరి వెనక ఒకరం వరసగా కూర్చునేవాళ్ళం. ప్రతి పిల్లా తన ముందున్న పిల్లకి జడ వేస్తుంది. వరసలో చివర కూర్చున్నదానికి మాత్రం వెనక ఎవరూ ఉండరు. మెల్లగా నడిచే అలవాటు వల్ల చాలాసార్లు ఆ చివరిది నేనే. నా జడ నేనే వేసుకుని ప్రార్థనకి వెళ్ళేదాన్ని. పెద్దయ్యాక ఆ పుస్తకంలో ఆ అధ్యాయం చదివినప్పుడు, నాకేం తక్కువైందో ఎవరో కనిపెట్టి అచ్చు వేసినట్టు అనిపించింది.

పిల్లని ల్యాబులోనే చూశాను. సన్నగా, రెండు జడలతో, గౌను అంచు వేలికి చుట్టుకుంటూ వచ్చింది. నేను బిస్కెట్టు ఇస్తే వెంటనే తీసుకోలేదు. నా చెయ్యి పట్టుకుని బోర్లా తిప్పి, మళ్ళీ వెల్లకిలా తిప్పి, వేళ్ళ చివరలు చూసి, అప్పుడు తీసుకుంది. పెద్దవాళ్ళ మీద నమ్మకం లేదని రాసుకున్నాను. బడి గురించీ, అచ్చంగిల్లాల ఆట గురించీ గలగలా మాట్లాడింది. మూడోసారి వచ్చినప్పుడు, ఇంట్లో సాయంత్రాలు ఎలా ఉంటాయని అడిగాను.

"అమ్మ పన్నుంచి వచ్చాక నన్ను ముట్టుకోదు" అంది.

బాధగా చెప్పలేదు. మా ఇంటికి రెండు కిటికీలున్నాయి అని చెప్పినట్టు చెప్పింది. ఎందుకని అడగాలని నాలిక చివరిదాకా వచ్చింది. పుస్తకం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. పుస్తకాలు చదివినవాళ్ళ తెలివి ఇలాగే ఏడుస్తుంది.

తండ్రిది పిడుగురాళ్ళ. సున్నం బట్టీలో గుమస్తా. ఇంట్లో ఆయన తల్లి కూడా ఉంది. నేను వెళ్ళిన ఆదివారం పిల్లని ముందురోజే అక్కడికి పంపారు. ఆయన పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు, అన్నం ముద్దలు కలిపి పెట్టాడు, ఊడిన రిబ్బను తనే కట్టాడు. లాయరు నేర్పి పంపాడేమోనని అనుమానంగానే చూశాను గాని, కాదు. ఆ మనిషికి కూతురంటే నిజంగానే ప్రాణం. పెళ్ళాన్ని తల్లి నోటి నుంచి కాపాడుకోలేకపోయాడు, అది ఆయన చేతకానితనం. నా కాగితంలో స్పర్శ అన్న గడి ఆ పూటే నిండిపోయింది.

తల్లి రెండేళ్ళ క్రితం అత్తతో పడలేక పిల్లతో గుంటూరు వచ్చేసి, మిరపకాయల యార్డు వెనక ఒంటి గదుల వరసలో ఉంటోంది. యార్డులో మిరపకాయలకి తొడిమలు తీసే పని. ల్యాబుకి పిలిచి మాట్లాడినప్పుడు ఈ సంగతులే చెప్పింది, పిల్లని ముట్టుకోని సంగతి మాత్రం జవాబు తెలుసనుకుని నేను అడగలేదు. నేను సాయంత్రం అయిదింటికి వెళ్ళి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆ వీధిలో అడుగు పెడుతూనే తుమ్ములు మొదలయ్యాయి. గంటసేపు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే ఉన్నాను. నా చుట్టూ గాలి అంతా చెబుతూనే ఉంది, నాకు వినబడలేదు.

ఆవిడ వచ్చింది. ముప్పై లోపే ఉంటాయి. ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పి, చాలాసేపు చేతులు కడుక్కుంది. పిల్ల ఎదురు పరిగెత్తలేదు, ఉన్నచోటే నిలబడి నవ్వింది. తల్లీ దగ్గరికి తీసుకోలేదు. పిల్ల అన్నం తనే పెట్టుకుని తింది. కంట్లో నలక పడితే తల్లి లేవలేదు, పక్కగది ముసలమ్మని కేకేసింది. ఆవిడే వచ్చి నలక తీసి, పనిలో పనిగా పిల్లకి జడలు కూడా వేసి వెళ్ళింది. మూల పరిచి ఉన్న రెండు చాపల మధ్య దుప్పటి ఒకటి చుట్ట చుట్టి గోడలా పెట్టి ఉంది. దీపాలు పెట్టే వేళకి పిల్ల వచ్చి తల్లి వెనక కూర్చుంది. ఆవిడ ముఖం వీధి వైపు, పిల్ల ముఖం గోడ వైపు. వీపుకి వీపు ఆనించి, ఇద్దరూ మాట్లాడకుండా అలా ఎంతసేపు కూర్చున్నారో. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు అని రాసుకున్నాను.

గదికి వస్తుంటే ఆ పిల్ల మీద జాలేసింది. వరసలో చివర కూర్చున్న పిల్లని మళ్ళీ చూసినట్టనిపించింది. ఆ తల్లి మీద కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో అప్పుడు నాకు తెలియదు.

రిపోర్టు నేనే టైపు చేశాను, పదకొండు పేజీలు. తల్లికి బిడ్డ పట్ల శారీరక ఆప్యాయత లేదు, పడకల మధ్య అడ్డు ఉంది, బిడ్డ అవసరాలు పొరుగువారు చూస్తున్నారు, తండ్రి దగ్గర పెరగడం మేలు. సీలు వేసి పంపాను. ఆ కవరులో ఏముందో జడ్జిగారికి తప్ప ఎవరికీ తెలియదు. మార్చి ఆఖరున తీర్పు వచ్చింది. బడిలో పరీక్షలైపోయిన మర్నాడు తండ్రి వచ్చి పిల్లని తీసుకెళ్ళాడు. జడ్జిగారు నాకు మెచ్చుకుంటూ రెండు వాక్యాలు రాశారు. ఆ ఉత్తరాన్ని బైబిల్లో పెట్టి దాచుకున్నాను.

తరవాత వారం, కింద ఇంటివాళ్ళు ఏడాదికి సరిపడా కారం కొట్టించుకునే పని పెట్టుకున్నారు. ఇంటావిడ మెట్ల దగ్గర నిలబడి, ఒక్కరూ పైన కూర్చుని ఏం చేస్తారు, వచ్చి నాలుగు కాయలు వలుద్దురుగాని రండి అని పిలిచింది. ఆ ఇంట్లో ఉన్న నాలుగేళ్ళలో నన్ను పనికి పిలవడం అదే మొదలు. ఎగిరి గంతేసి వెళ్ళాను. మిరపకాయ ముట్టుకోని తెలుగు ఆడది ఉండదు గాని, నా ఒక్క పొట్టకి పావుకిలో కారం పొట్లం కొనుక్కునేదాన్ని. మధ్యాహ్నం భోజనం అయినప్పటి నుంచి నాలుగింటిదాకా తొడిమలు తీశాను. నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని కబుర్లు వింటూ పని చేయడం ఎంత బాగుందో, వేళ్ళు మండుతున్నా లేవబుద్ధి కాలేదు. పని అయ్యాక రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను.

ఇంటావిడ మనవరాలికి ఏడాదిన్నర. నిద్ర లేచి, ఎవరో ఒకరు ఎత్తుకుంటే చాలన్నట్టు నా వైపు చేతులు చాచి వచ్చింది. ఎత్తుకున్నాను. బుగ్గ నిమిరాను. చెదిరిన జుట్టు కళ్ళ మీంచి వెనక్కి తోశాను. అంతే, ఆ పసిది గుక్క పట్టింది. కళ్ళు నలుపుకుంటుంది, ఇంకా మండుతుంది, ఇంకా నలుపుకుంటుంది. బుగ్గలు కందగడ్డలయ్యాయి. ఇంటావిడ వచ్చి నా చేతుల్లోంచి పిల్లని లాక్కుంది.

"తొడిమలు తీసిన చేత్తో పసిదాన్ని ముట్టుకుంటారటండీ? అంత చదువుకున్నారు."

సబ్బుతో కడుక్కున్నానండీ అన్నాను.

"సబ్బుకి పోద్దా అది? రెండు రోజులుంటది. ఆ యార్డులో పనిచేసే ఆడోళ్ళు చూడండి, సీజనంతా సొంత పిల్లల్ని కూడా దగ్గరికి తీసుకోరు, పాపం."

పిల్లకి మజ్జిగ రాస్తూ, ఊరుకోబెడుతూ, ఆవిడ ఇంకా ఏవేవో అంది. నాకు వినబడలేదు. మెట్లెక్కి గదికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. ల్యాబులో నా వేళ్ళ చివరలు చూసిన పిల్ల గుర్తొచ్చింది. నలక తీయడానికి లేవని తల్లి గుర్తొచ్చింది. పదకొండు పేజీలూ వరసగా గుర్తొచ్చాయి. ఏడుద్దామంటే కళ్ళు తుడుచుకునే చేతులు కావవి. కొంగుతో తుడుచుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆ గదుల వరసకి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. మూల ఒకటే చాప. నేను స్టూలు మీద కూర్చోలేదు, నేల మీద కూర్చున్నాను. కవరులో ఏం రాశానో మొత్తం చెప్పేశాను. చెప్పకూడదు, అది కోర్టు రహస్యం. చెప్పాను. తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది.

"మీరడగలా మేడమ్" అంది. "గుంటూర్లో ఉండేవాళ్ళకి ఇది కూడా చెప్పాలా అనుకున్నా."

దుప్పటి చుట్ట సంగతి నేనే అడిగాను. నిద్రలో చెయ్యి పిల్ల ముఖం మీద పడుద్దని పెట్టేదట. పక్కగది ముసలమ్మ దగ్గు పడలేక పని మానేసింది కాబట్టి, చేతులు బాగున్న మనిషి ఆ వరసలో ఆవిడొక్కతే. వరసలో పిల్లలందరికీ జడలు ఆవిడే వేస్తుంది. వీపుకి వీపు ఆనించి కూర్చోవడం గురించి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే చెప్పింది.

"దానికి నా ఒళ్ళు తగలకపోతే ఉండలేదు మేడమ్. చేతులు తగలకుండా ఒళ్ళు తగలాలంటే వీపేగా మిగిలింది."

 తరవాత ఆవిడ, సీజను ఇంకో నెలలో అయిపోద్ది అంది. అయిపోగానే ఏటా పిల్లకి తలంటు పోసి, నాలుగు పాయల జడ వేసేదట. ఈ ఏడు రిబ్బన్లు ముందే కొనిపెట్టిందట. గూట్లో కాగితం పొట్లంలో ఉన్నాయి. చూపించబోయి, ఎందుకులే అని ఊరుకుంది.

జడ్జిగారి దగ్గరికి వెళ్ళాను. నేను రాసింది తప్పు, ఆ కాగితాలు ఇచ్చేయండి అన్నాను. ఆయన నా మాట పూర్తిగా విన్నారు, చాలాసేపు ముఖం చేతుల్లో పెట్టుకున్నారు. కాగితం తీసేసి ఇంకోటి పెట్టడానికి ఇది మీ కాలేజీ రికార్డు బుక్కు కాదమ్మా అన్నారు. తల్లి మళ్ళీ పిటిషను వేసుకోవాలి, నేను బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. ఎండాకాలం సెలవులు, వాయిదాలు, ఇంకా వాయిదాలు. కాలేజీలో తోటివాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్ళు. ఇంటావిడ మళ్ళీ ఏ పనికీ పిలవలేదు. సాయంత్రాలు ల్యాబుకి తాళం వేసి, ఊరికే రైలు గేటు దాకా నడిచి వచ్చేదాన్ని.

డిసెంబరులో నా సాక్ష్యం వచ్చింది. తండ్రి లాయరు నాకు పెళ్ళయిందా అని అడిగాడు. లేదన్నాను. పిల్లల్ని పెంచారా అన్నాడు. లేదన్నాను. అప్పుడు రాసింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా అన్నాడు. అప్పుడు చూసింది నిజమే, అది ఏమిటో నాకు తెలియలేదు అన్నాను. దుప్పటి చుట్ట సంగతీ, వీపుల సంగతీ చెప్పాను. తండ్రి బెంచీ మీద తల దించుకుని విన్నాడు. రెండేళ్ళ సీజన్లు తన బిడ్డ అలా పెరిగిందని ఆయనకీ తెలియదు.

పిల్ల అక్కడి బడిలో కుదురుకుంది, తండ్రి తప్పు ఏమీ లేదు, పసిదాన్ని అటూ ఇటూ మార్చడం మంచిది కాదు అని జడ్జిగారు తేల్చారు. తండ్రి గురించిన ఆ మాట నా పదకొండు పేజీల్లోదే. తండ్రి లేచి, ఏటా ఎండాకాలం సెలవుల్లో ఒక నెల తల్లి దగ్గరికి పంపుతానన్నాడు. తీర్పులో అదే రాశారు. పిల్లని కోర్టు ఆవరణలో, నా ఎదుటే అప్పగించాలని కూడా రాశారు. ఏడాదిలో పదకొండు నెలలు ఆ తల్లి నుంచి నేను తీసేసుకున్నట్టు. ఇప్పటికీ అలాగే లెక్క వేసుకుంటాను.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. పొద్దున్న పదింటికే కోర్టు వరండా సెగలు కక్కుతోంది. తల్లి నాకంటే ముందే వచ్చి స్తంభం పక్కన నిలబడి ఉంది. యార్డులో పని ముమ్మరంగా ఉండే రోజులవి, ఆ వీధిలో ఆడవాళ్ళెవరూ ఇంట్లో ఉండరు. ఆవిడ మూడు వారాల ముందే పని మానేసిందట. రోజూ మజ్జిగతో కడుగుతున్నా, నూనె రాస్తున్నా అని రెండు చేతులూ నాకు చూపించింది. ముట్టుకుని చూడండి మేడమ్ అంది. ముట్టుకున్నాను. గరుకుగా, చల్లగా ఉన్నాయి. ఒక మనిషి చెయ్యి పట్టుకుని నిలబడి నాకు ఎన్నాళ్ళయిందో.

తండ్రి పిల్లని తీసుకుని వచ్చాడు. పిల్ల పొడుగైంది. చెప్పుల మీద తెల్లటి సున్నం దుమ్ము. తండ్రి చెయ్యి వదిలి పరిగెత్తుతూ వచ్చింది. తల్లికి మూరెడు దూరంలో టక్కున ఆగిపోయింది. తల్లి చేతుల వైపు ఒకసారి చూసింది. తరవాత, ఎవరూ చెప్పకుండానే, వెనక్కి తిరిగి, మెల్లగా రెండడుగులు వెనక్కి వేసి, తన వీపు తల్లి నడుముకి ఆనించి నిలబడింది. తలెత్తి ముఖం నా వైపు పెట్టి నవ్వింది.

ఆ నవ్వు ఆ గదిలో గోడ వైపు తిరిగి ఉన్నప్పుడు కూడా ఉండే ఉంటుంది. నేను కూర్చున్న చోటు నుంచి కనబడలేదు, లేచి చూడలేదు.

"ఇటు తిరుగమ్మా" అంది తల్లి. "చేతులు బాగున్నయ్."

పిల్ల తిరిగి, తల్లి కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చూపుడువేలు చివర నాలికతో తాకి, కాసేపు ఆగి చూసుకుంది. మండలేదు. అప్పుడు ఆ చెయ్యి తీసి తన బుగ్గకి ఆనించుకుని, కళ్ళు మూసుకుంది.

అప్పగింత కాగితం మీద నేను సంతకం పెట్టాలి. గుమస్తా కాగితం, కలం పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను. వాళ్ళిద్దరూ మెట్లు దిగి, గేటు దాటి, రిక్షా ఎక్కేదాకా ఆగమన్నాను.